లైసెన్స్ ఉన్నా తుపాకీతో కోర్టుకు వెళ్లొచ్చా? చిన్న చాకు సంగతేంటి?

ఉదయం పదిన్నరకు మీ కేసు ఉంది. కోర్టు గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ ముందు క్యూలో నిలబడ్డారు. మీ బ్యాగు చూసిన కానిస్టేబుల్ పక్కకు రమ్మన్నాడు. లంచ్ బాక్సు పక్కన పండ్లు కోసుకునే చాకు ఉంది. ఇంటికెళ్లి పెట్టి రావడానికి టైం లేదు. ఎవరికైనా ఇద్దామంటే తెలిసినవాళ్లు కనిపించడం లేదు. ఈలోగా పైన కోర్టు హాలు బయట అటెండర్ మీ పేరు పిలిచేశాడు.

చాకు చిన్నదే కానీ నష్టం చిన్నది కాకపోవచ్చు. మీరు ముద్దాయి అయితే గైర్హాజరైనందుకు నాన్ బెయిలబుల్ వారంట్ జారీ కావచ్చు. సివిల్ కేసులో ప్రతివాది అయితే మిమ్మల్ని ఎక్స్‌పార్టే చేసి కేసు ముందుకు నడపవచ్చు. మీరే దావా వేసినవారైతే అది డిస్మిస్ కావచ్చు. వీటిని సరిదిద్దుకోవడానికి దారులున్నాయి. కానీ దానికి మళ్లీ పిటిషన్, మళ్లీ ఫీజు, మళ్లీ వాయిదా.

చాకు విషయంలోనే ఇంత ఉంటే, నడుముకు లైసెన్స్ రివాల్వర్ పెట్టుకుని వచ్చేవారి సంగతి వేరే చెప్పాలా? కోర్టుకు వెళ్లేముందు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవి.

ఒక్క మాటలో చెప్పాలంటే

డ్యూటీలో ఉన్న భద్రతా సిబ్బందికి తప్ప కోర్టు ఆవరణలోకి ఆయుధంతో రావడానికి ఎవరికీ హక్కు లేదు. లైసెన్స్ ఉండటం వేరు, దాన్ని కోర్టులోకి తీసుకెళ్లడం వేరు. ఇది కక్షిదారులకు, సాక్షులకు, నల్లకోటు వేసుకున్న న్యాయవాదులకు కూడా వర్తిస్తుంది. ఆవరణ అంటే కోర్టు హాలు ఒక్కటే కాదు. పార్కింగ్, క్యాంటీన్, బార్ అసోసియేషన్ గదులు, చెట్టు కింద టైపిస్టులు కూర్చునే చోటు కూడా ఆవరణే.

లైసెన్స్ మీకు ఏ హక్కు ఇస్తుంది?

మన దేశంలో తుపాకులకు వర్తించేది 1959 నాటి ఆయుధాల చట్టం. దాని కింద 2016లో కొత్త నియమాలు వచ్చాయి. లైసెన్స్ లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం. 2019లో చేసిన సవరణ తర్వాత దీనికి కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు, జరిమానా ఉన్నాయి. అదే సవరణతో ఒక వ్యక్తి దగ్గర ఉండదగ్గ తుపాకుల సంఖ్యను 3 నుంచి 2కు తగ్గించారు. లైసెన్స్ గడువును 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెంచారు.

లైసెన్స్ చేతికి వచ్చిందంటే తుపాకీతో ఎక్కడికైనా వెళ్లొచ్చని చాలామంది అనుకుంటారు. అది తప్పు. లైసెన్స్‌తో పాటు షరతులు కూడా వస్తాయి. జాతరలకు, మతపరమైన ఊరేగింపులకు, జనం గుమికూడే సభలకు, విద్యాసంస్థల ఆవరణల్లోకి తుపాకీ తీసుకెళ్లకూడదన్నది వాటిలో ఒకటి. అందుకు ప్రత్యేక అనుమతి కావాలి. బహిరంగ ప్రదేశంలో తుపాకీని బయటికి కనిపించేలా పట్టుకుని తిరగకూడదు. పోలీసు అధికారి అడిగితే లైసెన్స్ చూపించి తీరాలి. తుపాకీ పోయినా, ఎవరైనా ఎత్తుకెళ్లినా వెంటనే దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో చెప్పాలి.

షరతులు ఉల్లంఘిస్తే 6 నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. శిక్ష చిన్నదిగానే కనిపిస్తుంది. అసలు దెబ్బ లైసెన్స్ మీద పడుతుంది. షరతు తప్పారన్న కారణంతో లైసెన్స్‌ను సస్పెండ్ చేసే, రద్దు చేసే అధికారం లైసెన్స్ ఇచ్చిన అధికారికి ఉంది. హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో ఆ అధికారం పోలీస్ కమిషనర్‌ది. రద్దు చేస్తే అప్పీలుకు వెళ్లొచ్చు. కానీ ఆ మధ్యకాలంలో తుపాకీ మీ దగ్గర ఉండదు.

న్యాయవాదులకు మినహాయింపు ఉందా?

లేదు. 2023లో అలహాబాద్ హైకోర్టు లక్నో బెంచ్ ముందుకు ఒక యువ న్యాయవాది ఆయుధ లైసెన్స్ రద్దు వ్యవహారం వచ్చింది. కోర్టు ఆవరణలోకి ఆయుధం తెచ్చుకునే హక్కు న్యాయవాదికి గానీ, కక్షిదారుకు గానీ లేదని హైకోర్టు స్పష్టం చేసింది. వకీలుగా ప్రాక్టీస్ చేసే హక్కులో ఆయుధం పట్టుకునే హక్కు కలిసి రాదని చెప్పింది. ఆ తీర్పు ఉత్తర ప్రదేశ్‌కు సంబంధించినది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కోర్టులు దానికి కట్టుబడి ఉండాల్సిన అవసరం లేకపోయినా, ఇలాంటి వివాదం వస్తే దాన్ని చూపించే అవకాశం ఉంది.

ఇంత కఠినం ఎందుకు?

గత కొన్నేళ్లలో కోర్టుల లోపలే జరిగిన కాల్పుల వల్ల. 2019 జూన్‌లో ఆగ్రా కోర్టు ఆవరణలో ఉత్తర ప్రదేశ్ బార్ కౌన్సిల్ అధ్యక్షురాలు దర్వేశ్ యాదవ్‌ను తోటి న్యాయవాదే కాల్చి చంపాడు. ఆమె ఆ పదవికి ఎన్నికై అప్పటికి కొద్ది రోజులే. అదే ఏడాది డిసెంబరులో బిజ్నోర్ కోర్టు హాల్లో, న్యాయమూర్తి ఎదుటే ఒక హత్య కేసు నిందితుడిని కాల్చేశారు.

2021 సెప్టెంబరు 24న ఢిల్లీ రోహిణి కోర్టులో ఇద్దరు న్యాయవాదుల దుస్తుల్లో వచ్చి గ్యాంగ్‌స్టర్ జితేందర్ గోగిని చంపారు. పోలీసుల ఎదురు కాల్పుల్లో ఆ ఇద్దరూ చనిపోయారు. 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ సాకేత్ కోర్టులో ఒక మహిళపై కాల్పులు జరిగాయి. అదే ఏడాది జూన్‌లో లక్నో కోర్టులో మళ్లీ న్యాయవాది వేషంలో వచ్చిన వ్యక్తి ఒక నిందితుడిని కాల్చి చంపాడు.

ఈ ఘటనల్లో కొన్నింటిని కలిపి చూస్తే నల్లకోటును కూడా ఎందుకు తనిఖీ చేస్తున్నారో అర్థమవుతుంది. కోటు ఎవరైనా కొనుక్కోవచ్చు. అందుకే గేటు దగ్గర గుర్తింపు కార్డు అడిగినా, బ్యాగు తెరవమన్నా న్యాయవాదులు అవమానంగా భావించాల్సిన పని లేదు.

మన దగ్గర కోర్టుల్లో తుపాకులు అంతగా పేలలేదు కదా అనుకోవచ్చు. 2025 ఫిబ్రవరిలో ఎల్బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులో ఒక ముద్దాయి న్యాయమూర్తి మీదికి చెప్పు విసిరాడు. అతని చేతికి అందింది చెప్పు కాబట్టి సరిపోయింది. చేతికి ఏం అందుతుందన్నది గేటు దగ్గరే తేలిపోవాలి.

నిబంధనలు ఎవరు పెడతారు?

2023 ఆగస్టులో ప్రద్యుమన్ బిష్త్ కేసులో సుప్రీంకోర్టు దేశంలోని కోర్టుల భద్రతపై మార్గదర్శకాలు ఇచ్చింది. హైకోర్టులు రాష్ట్ర హోంశాఖ, పోలీసు ఉన్నతాధికారులతో సంప్రదించి భద్రతా ప్రణాళిక తయారు చేయాలని, అది జిల్లా, కింది స్థాయి కోర్టుల దాకా అమలు కావాలని చెప్పింది. ప్రతి కోర్టు సముదాయానికీ శాశ్వత భద్రతా విభాగం, సీసీ కెమెరాలు, లోపలికి వచ్చే, బయటికి వెళ్లే దారుల దగ్గర కాపలా, మెటల్ డిటెక్టర్లు, బ్యాగు స్కానర్లు, వ్యక్తిగత తనిఖీ, పాసులు, వాహనాలకు స్టిక్కర్లు ఆ మార్గదర్శకాల్లో ఉన్నాయి. కోర్టు ఆవరణను అడ్డదారిగా వాడుకుంటూ ఒక వీధి నుంచి ఇంకో వీధికి వెళ్లేవారిని కట్టడి చేయాలని కూడా సూచించింది.

అందుకే తనిఖీ అన్ని చోట్లా ఒకేలా ఉండదు. నాంపల్లి క్రిమినల్ కోర్టుల దగ్గర ఒకలా, చిన్న పట్టణంలోని మున్సిఫ్ కోర్టు దగ్గర ఇంకోలా ఉండవచ్చు. తనిఖీ వదులుగా ఉన్న చోట ఆయుధం తేవచ్చని దాని అర్థం కాదు. మీరు వెళ్లే కోర్టులో ఏవి ఆపుతారో తెలుసుకోవడానికి తేలికైన మార్గం మీ వకీలు గుమస్తాను అడగడం. రోజూ ఆ గేటు దాటే మనిషి ఆయనే.

కత్తుల విషయంలో కొలత ఉందా?

ఆయుధాల చట్టంలో ఉంది, కోర్టు గేటు దగ్గర లేదు. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే ఎక్కువ గందరగోళం వస్తోంది.

2016 నియమాల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న బ్లేడుతో చేసిన కత్తులు, బాకులు, ఈటెల లాంటివి ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు, శాస్త్ర పరిశోధనకు చేసినవి ఇందులోకి రావు. అంటే వంటింటి కత్తిపీట, పొలంలో కొడవలి ఇంట్లో పెట్టుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు.

దీన్ని పట్టుకుని, నా చాకు 3 అంగుళాలే, చట్టం ప్రకారం ఇది ఆయుధమే కాదు అని గేటు దగ్గర వాదించేవారు ఉంటారు. వాదన చట్టం వరకు నిజం. కానీ గేటు దగ్గర కానిస్టేబుల్ చూసేది లైసెన్స్ కావాలా వద్దా అని కాదు, దాంతో మనిషికి గాయం చేయొచ్చా లేదా అని. విమానాశ్రయంలో చేతి సామానులో కత్తెరను ఆపేది కూడా ఈ కారణంతోనే.

తెలియకుండా బ్యాగుల్లో ఉండిపోయే వస్తువులు కొన్ని ఉన్నాయి. పండ్ల చాకు, తాళాల గుత్తికి వేలాడే మడత చాకు, పేపర్ కట్టర్, షేవింగ్ బ్లేడు, కత్తెర, స్క్రూడ్రైవర్, పెద్దవాళ్ల సంచిలో వక్కలు కత్తిరించే అడకత్తెర. ఆడవాళ్లు రక్షణ కోసం పెట్టుకునే పెప్పర్ స్ప్రేకి ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు, అయినా లోపలికి అనుమతిస్తారన్న భరోసా లేదు. ఎయిర్ గన్, బొమ్మ తుపాకీ, తుపాకీ ఆకారంలో ఉన్న లైటర్ లాంటివి ఇంకా ప్రమాదం. అసలుదో నకిలీదో తేల్చుకునేంత సమయం భద్రతా సిబ్బందికి ఉండదు.

సిక్కుల కృపాణం

కృపాణం ధరించడం సిక్కు మతాచరణలో భాగమని రాజ్యాంగంలోని 25వ అధికరణం వివరణలోనే ఉంది. కాబట్టి దాన్ని మామూలు కత్తితో సమానంగా చూడకూడదు. దేశీయ విమానాల్లో సిక్కు ప్రయాణికులకు 6 అంగుళాలకు మించని బ్లేడు, మొత్తం 9 అంగుళాలకు మించని కృపాణాన్ని అనుమతిస్తున్నారు. కోర్టుకు వెళ్లే సిక్కులు గేటు దగ్గర తామే ముందుగా చెప్పడం, వాయిదాకు ముందే న్యాయవాది ద్వారా కోర్టు దృష్టికి తీసుకెళ్లడం మేలు. అప్పుడు గేటు దగ్గర వాదులాట ఉండదు.

మీ దగ్గర దొరికితే ఏమవుతుంది?

వంటింటి చాకు లాంటిదైతే చాలాసార్లు పక్కన పెట్టమంటారు, లేదా బయటే వదిలి రమ్మంటారు. దాచిపెట్టి తేవడం, అడిగితే అబద్ధం చెప్పడం మాత్రం విషయాన్ని మార్చేస్తుంది. ఎదుటి పక్షంతో గొడవలున్న కేసులో మీ దగ్గర కత్తి దొరికితే, ఎందుకు తెచ్చారన్న ప్రశ్నకు పోలీసులకు జవాబు చెప్పాల్సి వస్తుంది. బెయిల్ మీద ఉన్నవారైతే అవతలి వాళ్లు దాన్నే చూపించి బెయిల్ రద్దు చేయమని అడగవచ్చు.

లైసెన్స్ తుపాకీ అయితే లైసెన్స్ అడుగుతారు, వివరాలు రాసుకుంటారు, సంబంధిత అధికారికి రిపోర్టు వెళ్లవచ్చు. లైసెన్స్ లేనిదైతే అక్కడే అరెస్టు.

తుపాకీని కోర్టు బయట కారులో వదిలి రావడం కూడా పరిష్కారం కాదు. అద్దం పగలగొట్టి ఎవరైనా తీసుకెళ్తే మొదటి ప్రశ్న మిమ్మల్నే అడుగుతారు. వాయిదా రోజున తుపాకీని ఇంట్లో తాళం వేసి భద్రపరచండి. ఇంట్లో వీలుకాకపోతే పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధ డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోవచ్చు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు లైసెన్స్‌దారులు చేసే డిపాజిట్ లాంటిదే ఇది. బ్యాంకులో, నగల దుకాణంలో పనిచేసే గార్డులు సాక్ష్యం చెప్పడానికి వస్తే తుపాకీని పనిచేసే చోటే అప్పగించి రావాలి.

ఆయుధమే సాక్ష్యమైతే?

హత్య కేసుల్లో కత్తి కోర్టు బల్ల మీదికి రావడం చూసే ఉంటారు. అది పోలీసులు పంచనామా చేసి స్వాధీనం చేసుకుని, సీలు వేసి, వస్తువుకు నంబరు ఇచ్చి పద్ధతి ప్రకారం తెచ్చినది. కక్షిదారు సంచిలో వచ్చినది కాదు.

మీ ఇంట్లోనో, పొలంలోనో నేరానికి వాడారని మీరు అనుకుంటున్న ఆయుధం దొరికితే దాన్ని ముట్టుకోవద్దు, నేరుగా కోర్టుకు తేవద్దు. స్టేషన్‌కు ఫోన్ చేయండి. మీరు తెచ్చారంటే వేలిముద్రలు చెడిపోతాయి. అది ఎక్కడ దొరికిందన్న దానిపై అవతలి న్యాయవాది ప్రశ్నలతో సాక్ష్యం బలహీనపడుతుంది.

ఏదైనా వస్తువు హాజరుపరచమని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద సమన్లు వస్తే దాన్ని మీరే మోసుకురావాలని లేదు. ఇంకొకరి ద్వారా హాజరుపరచినా సరిపోతుందని ఆ సెక్షన్‌లోనే ఉంది. అడిగింది మీ లైసెన్స్ తుపాకీ అయితే, పోలీసుల ద్వారా హాజరుపరిచేందుకు అనుమతి కోరుతూ న్యాయవాదితో ముందుగానే మెమో వేయించండి.

ప్రాణభయం ఉంది, ఆయుధం లేకుండా ఎలా వెళ్లను?

చాలామంది నడుముకు ఆయుధం పెట్టుకుని రావడానికి అసలు కారణం ఇదే. ఆ భయం నిజమైనదే కావచ్చు. దానికి చట్టంలో వేరే దారి ఉంది.

2018 డిసెంబరులో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 398వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రమూ ఇలాంటి పథకాన్ని తయారు చేసి ప్రకటించాలి. 2018 పథకం మరణశిక్ష, యావజ్జీవం, ఏడేళ్లు అంతకంటే ఎక్కువ శిక్షపడే నేరాల్లో సాక్షులకు, మహిళలపై లైంగిక వేధింపుల లాంటి మరికొన్ని నేరాల్లో సాక్షులకు వర్తిస్తుంది.

దరఖాస్తును జిల్లా స్థాయి కమిటీకి ఇవ్వాలి. దానికి జిల్లా, సెషన్స్ జడ్జి అధ్యక్షులు. జిల్లాలో ప్రాసిక్యూషన్ విభాగం అధిపతి సభ్య కార్యదర్శి, దరఖాస్తు ఆయన ద్వారానే వెళ్తుంది. ముప్పు ఎంత ఉందో పోలీసులు 5 పని దినాల్లో నివేదిక ఇవ్వాలి. నివేదిక అందాక మరో 5 పని దినాల్లో దరఖాస్తును తేల్చాలి. అత్యవసరమైతే ఈలోగానే తాత్కాలిక రక్షణ ఇవ్వవచ్చు. వాయిదా రోజున ఇంటి నుంచి కోర్టుకు, కోర్టు నుంచి ఇంటికి ఎస్కార్టు, ప్రభుత్వ వాహనం, నిందితుడికి ఎదురుపడకుండా ఏర్పాట్లు, వీడియో లింకు ద్వారా సాక్ష్యం ఈ పథకంలో ఉన్నాయి. రక్షణ ఒకసారికి గరిష్ఠంగా 3 నెలలు ఇస్తారు, అవసరాన్ని బట్టి పొడిగించమని అడగవచ్చు.

భూవివాదాలు, ఆస్తి పంపకాల లాంటి సివిల్ కేసుల్లో ఈ పథకం వర్తించదు. అక్కడ బెదిరింపులు వస్తే స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, దాని కాపీతో మీ న్యాయవాది ద్వారా కోర్టుకు విన్నవించండి. గృహహింస బాధితులు 2005 చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. దాన్ని ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు ఉంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు

తుపాకులు మామూలైన చోట కూడా కోర్టు విషయంలో ఇదే గీత ఉంది. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి అర్హులైనవారు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ పట్టుకుని తిరగవచ్చు. అయినా కోర్టు రాతపూర్వక అనుమతి లేకుండా కోర్టులోకి తుపాకీ తీసుకెళ్తే అది ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. వాషింగ్టన్ రాష్ట్రంలో స్థానిక కోర్టుల్లో ఆయుధాలు నిషేధం, కానీ పిస్టల్ పెట్టుకోవడానికి తాళంపెట్టె గానీ, దాన్ని తీసుకుని భద్రపరిచే అధికారిని గానీ ఏర్పాటు చేయాలని అక్కడి చట్టం చెబుతోంది. ట్రాఫిక్ టికెట్ కోసమో, జ్యూరీ డ్యూటీకో వెళ్లేవారు ఆ కౌంటీ కోర్టు నిబంధనలు ముందే చూసుకోండి. మన జిల్లా కోర్టుల్లో అలాంటి తాళంపెట్టెను నమ్ముకుని వెళ్లొద్దు.

బయల్దేరేముందు

- ముందు రోజు రాత్రే బ్యాగు మొత్తం ఖాళీ చేసి సర్దుకోండి. తాళాల గుత్తి, స్కూటర్ డిక్కీ కూడా చూసుకోండి.
- లంచ్ బాక్సులో చాకు పెట్టొద్దు. పండ్లు ఇంట్లోనే కోసుకుని తీసుకెళ్లండి.
- లైసెన్స్ తుపాకీ ఇంట్లో తాళం వేయండి, లేదా డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి.
- ఆధార్ లాంటి గుర్తింపు కార్డు, సమన్లు లేదా కేసు నంబరు చేతిలో ఉంచుకోండి.
- తనిఖీకి సమయం పడుతుంది కాబట్టి కనీసం అరగంట ముందు చేరండి.
- గేటు దగ్గర ఆగిపోతే వాదించకుండా వెంటనే మీ న్యాయవాదికి ఫోన్ చేయండి. కేసు పిలిచినప్పుడు మీరు గేటు దగ్గరే ఉన్నారని, కాసేపు ఆగమని ఆయన కోర్టును కోరగలరు.
- వెంట వచ్చే బంధువులకు కూడా ఇవన్నీ చెప్పండి. మీ బ్యాగులో ఏమీ లేకపోయినా, మీ బావమరిది జేబులో చాకు దొరికితే ఆగిపోయేది మీరిద్దరూ.